మేనత్తను లెక్కలో కలపడం

నాకు రొమ్ము క్యాన్సర్ బయటపడేనాటికి అరవై ఏడేళ్లు నిండి నాలుగు నెలలు. ఆపరేషన్ అయ్యాక జగిత్యాల డాక్టరమ్మ, మీ కుటుంబంలో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే, కోరుట్ల నుంచి చూడటానికి వచ్చిన తమ్ముడు అందుకున్నాడు.

"ఎవ్వలికి లేదు మేడం."

"మేనత్తకు రాలేదారా? నలభై ఒకటో ఏట పాయె."

"పెండ్లయినంక ఆమె రుద్రంగోళ్ల మనిషి గదనే అక్కా. మన లెక్కల ఎట్లస్తది?"

"పెండ్లినాడు రక్తం గూడ మార్చి పంపిండ్రా?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని నా రక్తాన్ని జన్యు పరీక్షకు పంపింది. క్యాన్సర్ ముప్పును పెంచే మార్పు ఒకటి దొరికింది. అది మేనత్తకూ ఉండి ఉంటుందనీ, నాకు మా నాన్న నుంచే వచ్చి ఉంటుందనీ ఆమె అంది. నాన్న ఎనభై నాలుగేళ్లు దగ్గు కూడా లేకుండా బతికాడు. అయినా మగవాళ్లూ దాన్ని పిల్లలకు ఇస్తారట. ఒక్కో బిడ్డకు సగం అవకాశం. ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చితీరాలని లేదు. తమ్ముణ్ని కూడా పరీక్ష చేయించుకోమంది. అతనికి ఒక్కతే కూతురు, ముప్పై నాలుగేళ్లది, సిరిసిల్లలో టీచరు.

"నాకు రొమ్ములెక్కడియి?" అన్నాడు తమ్ముడు.

"అంగి ఇప్పి సూసుకో. నాకన్న పెద్దగనే ఉన్నయి."

అంతటితో ఆగలేదు. సగమంటే ఇద్దరిలో ఒకరికి, అక్కకు వచ్చింది కాబట్టి నాకు రాదు అని తేల్చాడు.

"గిది భూమి పంపకం కాదురా. ఎవల చిట్టి వాళ్లకే తీస్తరు."

సంగతి తెలిసి మేనకోడలు బస్సెక్కి వచ్చింది. "బాపూ, నువ్వియ్యకుంటే నేనిస్త. నీకు లేదని తేలితే నాకు సూది తప్పుతది గద" అంది. తమ్ముడు అంగి చెయ్యి పైకి మడిచి సూదికి చాపాడు.

అతనికి ఉందని వచ్చింది. అప్పుడు పిల్ల కూడా రక్తం ఇచ్చింది. ఆ రిపోర్టు వచ్చేదాకా తమ్ముడు నాతో పోట్లాడనైనా లేదు.

ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, బిడ్డకు లేదంట" అని ఏడ్చాడు. కాసేపటికి తేరుకున్నాడు. "నాదొక్కటి తీసుకోలే సూడు. ముక్కు గూడ వాళ్లమ్మదే."

"నీ సంగతేంది మరి?"

"ఏడాదికోసారి రొమ్ములు సూపించుకోవాల్నంట. ఆడోళ్ల లైన్ల కూసోవాలె."

"కూసో. ఎవలన్న అడిగితే అక్కకు తోడచ్చిన అని చెప్పు."