ఆయప్ప జీతం

జీతం గురించి నోరు తెరిచి బేరమాడింది నా బతుకులో ఒక్కసారే. గెలిచాను. అడిగినంతా ఇచ్చారు. అందుకే ఎవరైనా కుర్రవాళ్ళకు ‘గట్టిగా అడగండి, అడిగితేనే ఇస్తారు’ అని బోధ చేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. మా నాన్న మిషన్ బడిలో అయ్యవారు. ఇచ్చింది కళ్ళకద్దుకుని తీసుకోవడమే తప్ప ఇంత కావాలని అడగడం మా ఇంటావంటా లేదు. నాకూ అదే జబ్బు. మిల్లులో ఆరేళ్ళు పనిచేసినా ఆరు వందలు దాటలేదు. మా ఆవిడకు అప్పుడు ఆరో నెల. రాత్రి ప్రార్థనలో ఆమె దేవుణ్ణి అడిగేవాటి జాబితా రోజురోజుకూ పెరుగుతుంటే, అవన్నీ నన్నే అడుగుతున్నట్టుండేది.

ఆ రోజుల్లో జమ్మలమడుగు దగ్గర నాపబండల గనులున్న ఒకాయన నాకు కబురు పెట్టాడు. ఇల్లు పులివెందులలో, ఆఫీసు జమ్మలమడుగులో. ఆయనకూ ఆయన దాయాదికీ పడదు. ఒకరు ఒక పార్టీ కండువా వేసుకుంటే రెండో ఆయన పోయి ఇంకో పార్టీలో చేరాడు, వాళ్ళ ఊరు సగానికి సగం చీలింది. ఆయన దగ్గర పనిచేసే గుమాస్తా మూడు నెలల ముందే చనిపోయాడు. కొట్లాటలకు పోయే మనిషి కాదట. ఒకరోజు కొండాపురం దారిలో యజమాని జీపు ఎక్కి ముందు సీట్లో, యజమాని కూర్చునే చోట కూర్చున్నాడు. ఆ రోజు యజమాని జీపులో లేడు. నాటుబాంబులు వేసినవాళ్ళు సీటును చూశారు గానీ మనిషిని చూడలేదు.

ఈ సంగతి జిల్లా అంతా తెలుసు. నాకూ తెలుసు. మిల్లులో పెద్ద గుమాస్తా ఒకాయన ఉండేవాడు, మామా అని పిలిచేవాణ్ణి. ఆయనకు చెబితే పెన్ను పక్కన పెట్టి, “ఆయప్ప పోయినంక ఆ కుర్చీలో కూసునేకి ఎవుడూ రాల్యా. వాళ్ళకు అవసరం, నీకు గాదు. ఆ మాటే చెప్పి అడుగు. నోట్లో నాలిక ల్యానట్ల కూసోవాకు” అన్నాడు.

పులివెందుల బస్సులో ఆ మాటనే దారి పొడుగునా వల్లించుకున్నాను. పరీక్షకు పోయే పిల్లవాడు కూడా అంత వల్లించడు.

పొద్దున పది గంటలైంది. వసారాలో కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. ఒకామె స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ముప్ఫై దాటి ఉండవు, చెవులకు ఏమీ లేవు. పనిమనిషి అనుకున్నాను. గ్లాసు కోసం ఆమె గడప దగ్గరే నిలబడింది.

“ఎంతిస్తాండారప్పా ఆడ?” అన్నాడు యజమాని.

“ఆరు నూర్లన్నా.”

“నేను ఏడిస్తా. ఆయప్పకు గూడా అదే ఇస్తాంటి.”

ఇక్కడ నేను తల ఊపి ఉంటే ఈ కథే లేదు. ఊపలేదు. వల్లించుకున్నది వల్లించుకున్నట్టు చెప్పాను. “తొమ్మిది నూర్లు కావల్లన్నా. ఆయప్ప ఎట్ల సచ్చినాడో అందరికీ ఎరికే గదా. ఆ కుర్చీలో కూసునేకి ఎవుడూ రాల్యా. ఆ సావుకైనా ఇంత కట్టియ్యల్ల గదా నువ్వు.”

ఆఖరి వాక్యం మామ నేర్పింది కాదు. అది నాదే. ధైర్యం వచ్చేసరికి నోటికి అదుపు లేకుండా పోయింది.

యజమాని నన్ను కాదు, నా వెనక గడప వైపు చూశాడు. తర్వాత, “సరే, తొమ్మిదే” అన్నాడు. ఒక్క రూపాయి కూడా తగ్గించమనలేదు. ఆమె వచ్చి నా చేతిలోని గ్లాసు తీసుకుంది. ఇంకా సగం మజ్జిగ అందులోనే ఉంది, తాగమని అనలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే ఆ రాత్రి కృతజ్ఞతా ప్రార్థన చేసింది. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను, ఆ సంగతి కూడా దాచకూడదు.

జమ్మలమడుగు ఆఫీసులో మొదటి నెల ఆ చనిపోయిన గుమాస్తా కుర్చీలోనే కూర్చున్నాను. సొరుగులో ఆయన దువ్వెన ఉంది, సగం వాడిన తలనొప్పి మాత్రల అట్ట ఉంది. తీసి పారేయడానికి చేయి రాలేదు, ముట్టుకోవడానికీ రాలేదు. బండలు కోసే మనుషులు లోపలికొచ్చి నన్ను చూసి ఒక్క క్షణం ఆగేవారు. నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు. “ఆయప్ప కుర్చీలోకి వచ్చినాయన” అనేవారు. సాయంత్రం తాళం వేసేటప్పుడు లోపల ఇంకొకరిని వదిలేసి పోతున్నట్టుండేది.

జీతాల రోజు ఆమె వచ్చింది, మజ్జిగ ఇచ్చినామె. బల్ల దగ్గర నిలబడి, “ఆయప్ప జీతం” అంది.

నాకు అర్థం కాలేదు. గనుల మీద ఉండే మేస్త్రీ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆమె చనిపోయిన గుమాస్తా భార్య. ఈ పక్కల ఒకరి తరఫున ప్రాణం పోగొట్టుకున్నవాడి జీతం ఆగదు. మనిషి పనిలో ఉన్నట్టే నెలనెలా ఇంటికి పోతుంది, పోయినా అది ఆయన జీతమే అన్నట్టు దాన్ని ఆయప్ప జీతం అనే అంటారు. గుమాస్తా లేని ఆ మూడు నెలలూ ఆమె దానికోసం పులివెందుల ఇంటికే వచ్చేది. ఊరికే కూర్చోలేక వంటింట్లో చేయి కలిపేది. నేను బేరమాడిన రోజు ఆమె వచ్చింది అందుకే.

“అన్న ఈ నెల నుంచి ఆమెకు ల్యాదని చెప్పినాడు. నువ్వే చెప్పు” అన్నాడు మేస్త్రీ.

చెప్పాను. ‘లేదంట’ అన్నాను, చెప్పింది వేరెవరో అయినట్టు. ఆమె కొంగు సర్దుకుని మెట్లు దిగిపోయింది. ఏడ్చి, దుమ్మెత్తి పోసి ఉంటే నాకు బాగుండేది.

మధ్యాహ్నం బస్సుకే పులివెందుల పోయాను. యజమాని భోంచేసి వసారాలో నడుం వాల్చి ఉన్నాడు.

“నాకు ఏడే చాలన్నా. ఆమెది ఆమెకియ్యి” అన్నాను.

ఆయన కోపగించలేదు. తెలియనివాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. “దుడ్లు ల్యాక గాదప్పా. ఆయప్ప సావుకు ఇంత కట్టియ్యమని నువ్వే అంటివి. కట్టిచ్చినా. ఒక సావుకు రెండిండ్లకు యాడ ఇచ్చేది?”

“తెలీక అన్నా...”

“నువ్వు తెలీక అడిగింటావు. నేను తెలిసే సరే అంటి. ఆమె ముందరే అంటి. అన్నమాట ఎనక్కి తీసుకుంటే రేపు నా యెనకాల ఎవుడొస్తాడు? పో, మళ్ళా బస్సు దొరకదు.”

ఆ మాటకు తిరుగులేదని నాకు తెలుసు. ఆయన మాట నిలబెట్టుకునే మనిషని ఎదుటి పార్టీ వాళ్ళు కూడా ఒప్పుకునేవారు. ఉద్యోగం మానేసి రావచ్చు కదా అని మీరడగవచ్చు. మానలేదు. బిడ్డ పుట్టింది, ఇంకోటి పుట్టింది, నాలుగేళ్ళు ఆ కుర్చీలోనే కూర్చున్నాను. జీపులో మాత్రం ఎప్పుడూ ముందు సీటు ఎక్కలేదు.

పులివెందుల పోయొచ్చిన మరుసటి ఆదివారం చర్చి నుంచి అటే చాపాడు పక్కన ఆమె పుట్టిల్లున్న పల్లెకు పోయాను. మిల్లు జీతం కన్నా ఎక్కువగా వచ్చిన మూడు వందలు కవరులో పెట్టుకున్నాను. ప్రతి నెలా ఇట్లా తెచ్చి ఇచ్చేస్తే నా మెడ మీది బరువు దిగుతుందని లెక్క వేసుకున్నాను. ఆమె వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కూర్చోమంది. కవరు ముందర పెట్టాను.

“ఇది ఆయప్ప జీతమా?” అంది.

“కాదమ్మా, నాదే. నీకిస్తాండా.”

“నీదైతే నాకెందుకప్పా. ఆయప్పదైతే తీసుకుందు.” కాయలు ఒలవడం ఆపలేదు.

“పోనీ నువ్వు పోయి అన్నను గట్టిగా అడగమ్మా. నువ్వడిగితే ఇస్తాడు” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. సిగ్గుతో నోటికొచ్చిందల్లా అంటున్నాను.

అప్పుడు తలెత్తి చూసింది. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

“నువ్వంటే నా మొగుడు సచ్చినాడని చెప్పి అడిగితివి. నేనేం చెప్పి అడగల్లప్పా?”

కవరు తీసుకుని బస్టాండుకు నడిచాను. ఆ మూడు వందలతో ఆ వారం మా ఇంటికి బియ్యం, నూనె కొన్నాం.