సోలార్ ప్లేట్ల మీద జీడిపిక్కలు

ఎవరైనా ఏదో కనిపించిందని చెబితే, ముందు రాత్రి ఏం తిన్నావని అడిగే మనిషిని నేను. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పెళ్లయినప్పటి నుంచీ ప్రతి వేసవీ జీడితోటలో కాపలా ఉన్నాను. తోట అవతలి గట్టు మీదే శ్మశానం. పాముకి భయపడ్డాను, అడవిపందికి భయపడ్డాను, అంతే. ఐదో తరగతి దాటి చదువుకోలేదు గానీ, చూసిందీ విన్నదీ మరిచిపోను. అందుకే ఇది ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మా తోట నాతవరం దాటాక కొండవాలులో ఉంది. అక్కడికి కరెంటు లైను లేదు. పిక్కలు రాలే రెండు నెలలూ తోటలోనే ఉండాలి. మా అత్తమ్మకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆక్సిజన్ మిషను గొట్టం పగలూ రాత్రీ ముక్కుకి ఉండాల్సిందే. ఇంటి దగ్గర ఆమెను చూసే మనిషి వేరే ఎవరూ లేరు. తోట వదిలితే ఏడాది తిండి పోతుంది. ఆమెను వదిలితే ఆమే పోతుంది.

అందుకని మా ఆయన నర్సీపట్నంలో ఒక పాత ట్రైలర్ కొన్నారు. జీపు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది. లంబసింగి చలి చూడటానికి వచ్చేవాళ్లకి ఎవరో అద్దెకి తిప్పినది. లోపల రెండు మంచాలు, చిన్న సింకు. కప్పు మీద ఒక్క సోలార్ ప్లేటు, మంచం కింద నీళ్లు పోసే పాత బ్యాటరీ. రెండు బల్బులకీ ఒక ఫ్యానుకీ సరిపోయేది. అత్తమ్మ మిషను తగిలిస్తే గంటలో చల్లబడిపోయింది.

మెకానిక్ కొండబాబు దాన్ని చూసి, "అక్కా, ఇది మేకకి నాగలి కట్టినట్టుంది. మొత్తం మార్సాల," అన్నాడు.

మార్చాడు. నాలుగు పెద్ద ప్లేట్లు, కొత్త లిథియం బ్యాటరీ, ఇన్వర్టరు, నా చిటికెన వేలంత లావు వైర్లు. బ్యాటరీ దగ్గరికెళ్లి ఫోను తెరిస్తే ఎంత కరెంటు వస్తోందో ఎంత పోతోందో కనిపిస్తుంది. రాత్రంతా మిషను వాడేసిన కరెంటు పొద్దుటి ఎండకి మళ్లీ నిండాలి, అదే లెక్క. ఇంటి ముందు మూడు రోజులు నడిపి చూసుకున్నాకే తోటకి తీసుకెళ్లాం. తోడుగా చిన్న ఆక్సిజన్ సిలిండరు కూడా పెట్టుకున్నాం.

మిషను మీద అది ఎన్ని గంటలు నడిచిందో చూపించే అంకెలుంటాయి. రోజూ మధ్యాహ్నం పన్నెండుకి ఆ అంకె ఆసుపత్రి నర్సమ్మకి చెప్పాలి. తోటలో సిగ్నల్ ఉండదు. అంకె మనసులో పెట్టుకుని, పైనున్న బండ ఎక్కి ఫోను చేసేదాన్ని. ఆవిడ పుస్తకంలో రాసుకునేది.

ఆరో రోజు నేనొక తెలివితక్కువ పని చేశాను. ముందురోజు జల్లు పడి పిక్కలు తడిశాయి. తడి పిక్క నేల మీద పోస్తే బూజు పడుతుంది. తలెత్తి చూస్తే కప్పు మీద నాలుగు ప్లేట్లు, నున్నగా, చాపలు పరిచినట్టు. ఎండంతా అక్కడే ఉంది. ఎనిమిది గంటలకి నిచ్చెన వేసుకుని, గోనెలు పరిచి, పిక్కలన్నీ వాటి మీద ఎండబోశాను. మా ఆయన అప్పటికే కింది చెట్ల దగ్గరున్నారు, చూడలేదు.

పన్నెండుకి అంకె చూశాను. పదమూడు వందల నలభై ఆరు, చుక్క పక్కన రెండు. బండ ఎక్కి నర్సమ్మకి చెప్పి, అటు నుంచే పిక్కలేరడానికి దిగిపోయాను.

రెండింటికి ఇద్దరం అన్నానికి వచ్చాం. మా ఆయన కప్పు వైపు చూసి ఆగిపోయారు.

"ఏటే, ప్లేట్ల మీద పిక్కలు ఎండబోసేవా?"

"ఎండ బాగుంటాదనండీ."

"ఎండ నీ పిక్కలు తాగేత్తే మిషనేటి తాగుతాది?"

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఇద్దరం లోపలికి పరుగెత్తాం.

మిషను నడుస్తోంది. అదే బుస, అదే వణుకు. అత్తమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "ఏటలా ఎగిరిపడతారు? గాలొస్తంది కదా," అంది.

నాకు ఊపిరి వచ్చింది. మా ఆయనకి రాలేదు. ఆయన ఫోను తెరిచి నిలబడిపోయారు. సోలారు సున్నా. బ్యాటరీ సున్నా. ఒంటి గంటా ఇరవైకి బ్యాటరీ తనంతట తాను ఆగిపోయిందని అందులో ఉంది. ఇన్వర్టరు మీద ఎప్పుడూ వెలిగే పచ్చ దీపం కూడా లేదు.

నేను మిషను మీద చెయ్యి వేశాను. వెచ్చగా, వణుకుతూ ఉంది. గొట్టం కొస నా చెంపకి పెట్టుకుంటే గాలి తగిలింది.

మా ఆయన సిలిండరు తెరిచి, ఆ గొట్టం అత్తమ్మ ముక్కుకి పెట్టారు. పెట్టిన మరుక్షణం మిషను ఆగింది. కరెంటు పోతే అది కీచుమని అరవాలి. ఒంటి గంటా ఇరవైకి అరిస్తే కింది చెట్ల వరకూ వినిపించేది. అప్పుడు అరవలేదు, ఇప్పుడూ అరవలేదు.

పిక్కలు దించేశాం. ఎండ కాసేపు తగిలాక మిషను మళ్లీ వేస్తే అంకెలు వెలిగాయి. పదమూడు వందల నలభై ఎనిమిది, చుక్క పక్కన రెండు. పన్నెండు నుంచి రెండింటి వరకూ సరిగ్గా రెండు గంటలు.

మర్నాడు కొండబాబు వచ్చాడు. ప్రతి వైరూ ఊడదీశాడు. బ్యాటరీ ఆగాక చుక్క కూడా బయటికి రాదన్నాడు. ఫోను గడియారం సరిగానే ఉందన్నాడు. పాత బ్యాటరీ ఏమైందని అడిగాను. తన షాపులోనే ఉందన్నాడు.

"అక్కా, నువ్వు అంకె తప్పు సదివుంటావు."

"నాకు పెద్ద చదువు రాదు గానీ, మరుపు కూడా రాదు బాబూ."

అతను నమ్మలేదు. బండ ఎక్కి నర్సమ్మకి తానే ఫోను చేశాడు. ఆవిడ పుస్తకం తీసి చదివింది. నేను చెప్పిన అంకే. దిగి వచ్చి, కలిపిన టీ తాగకుండా తన బండి తీసి వెళ్లిపోయాడు.

ఆ సీజనంతా నేను కుదురుగా పిక్కలేరలేదు. పది చెట్లు దాటితే వెనక్కి వచ్చి చూసేదాన్ని. అత్తమ్మ విసుక్కునేది. "సచ్చిపోతే నేనే సెప్తాన్లే, పోయి పని సూసుకో," అనేది. ఆ రోజు ఏమైనా తేడా అనిపించిందా అని ఎన్నిసార్లు అడిగానో. గాలొచ్చింది, పీల్చాను, అని అదొక్కటే చెప్పేది.

కొండబాబు లెక్క తప్పని నేను అనను. అత్తమ్మ ఇప్పుడు పక్క గదిలో దగ్గుతోంది, అదీ అబద్ధం కాదు. నా చేతులతో నేను ఆమె గాలి ఆపేశాను. ఆ నలభై నిమిషాలూ ఆమెకి గాలి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు.