మందుల తెర ముందు మా పెద్ద డాక్టరుగారు

మా పెద్ద డాక్టరుగారు పోయిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. జీవితమంతా పనిచేసిన ఆసుపత్రిలోనే, నేను చూస్తున్న రోగిగా వెళ్ళిపోయారు. బెంగళూరులో నాకు వైద్యం నేర్పింది ఆయనే.

మందులు కాగితం మీద కాక కంప్యూటర్లో రాయాలని ఆసుపత్రి నిర్ణయించినప్పుడు అందరికంటే గట్టిగా కాదన్నది కూడా ఆయనే. "నేను రోగి మొకం చూడల్లా, ఆ డబ్బా మొకం చూడల్లా?" అని మీటింగులోనే అడిగేశారు. తర్వాత తనకు అనువైన దారి ఒకటి కనిపెట్టారు. మంచం పక్కన నిలబడి ఆయన మందులు చెప్పేవారు. కంప్యూటర్ బండి తోసుకుంటూ వెనకే నడిచే జూనియర్లం ఆయన పాస్‌వర్డుతో కొట్టేవాళ్ళం. ఆ పాస్‌వర్డు ఆయనకు తప్ప వార్డు మొత్తానికి తెలుసు. తెర ఏదైనా హెచ్చరిస్తే, పెద్దాయన చెప్పాక ఇంకేమిటని మూసేయడం మా అందరికీ అలవాటైపోయింది.

ఒకరోజు కె.ఆర్.పురంలో బిల్డింగు పనిచేసే కదిరి మనిషి న్యుమోనియాతో చేరాడు. సార్ ఇంజెక్షన్ చెప్పారు, నేను కొట్టాను, తెర ఎర్రబడింది. పక్కనే ఉన్న అతని భార్య, "ఎర్రగా ఏమో వస్తా ఉండాదే, ఏమి సార్ అది?" అని అడిగింది. పైకి చదివాను. ఆ జాతి మందు అతనికి పడదనీ, ఇంతకుముందు గొంతు వాచిందనీ ఉంది.

సార్ వెంటనే దాన్ని మాన్పించి వేరే మందు చెప్పారు. ఇలాంటివి రోజూ వస్తాయా అని నన్నడిగారు. వస్తాయన్నాను. ఇక తిట్లు తప్పవనుకుని బిక్కచచ్చిపోయాను. ఆయన స్టూలు లాక్కుని తెర ముందు కూర్చున్నారు.

"మందు చెప్పేది నేను, హెచ్చరిక వచ్చేది నీకా? ఇదేమి పద్ధతప్పా. ఇంక నేనే కొడతా, నేర్పించు."

అరవై దాటిన మనిషి నా పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆయన ఒక్కో అక్షరం వెతికి కొట్టేసరికి రౌండ్స్ మధ్యాహ్నం దాకా సాగేవి, మా ఆకలి గురించి మీకేం చెప్పను. కంప్యూటర్ను తిట్టడం మాత్రం ఆయన మానలేదు. ఆయనే కొడుతుంటే మిగతా డాక్టర్లకు సాకు లేకపోయింది, ఒక్కొక్కరే దారికొచ్చారు. ఈరోజు నేను ప్రతి హెచ్చరికనూ ఆగి చదువుతున్నానంటే ఆ పుణ్యం ఆయనదే.

మంగళవారం ఆయన పోయాక, ఆయన పేరు మీద నడుస్తున్న మందులన్నీ కంప్యూటర్లో ఆపాల్సి వచ్చింది. సిస్టర్ నా మొహం చూసి, తాను చేస్తానంది. వద్దన్నాను. రాసింది నేనే, ఆపాల్సిందీ నేనే. ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాను. ప్రతిదానికీ కారణమేమిటని తెర అడుగుతూనే ఉంది. చివరికి నొప్పి మందొక్కటే మిగిలింది. కారణం దగ్గర 'ఇక నొప్పి లేదు' అని కొట్టి, దాన్నీ ఆపాను.