సరే బాబాయ్

కొండ అంచున నిలబడితే కింద సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా కనిపిస్తుంది. సెలవులకొచ్చినవాళ్లు అక్కడిదాకా కేకలేస్తూ వస్తారు. అంచు చూడగానే సగంమందికి నోరు తడారిపోతుంది. వెనకాల నేల మీద పారాగ్లైడర్ రెక్క పరిచి ఉంటుంది. ఎగరబోయేవాళ్ల వీపు వెనక పైలట్. ముందు మోకాళ్ల మీద కూర్చుని పట్టీలు బిగించే మనిషి సరే బాబాయ్.

పని చిన్నదే. ఎడం తొడకో బకిల్, కుడి తొడకో బకిల్, ఛాతీకొకటి. మూడూ పెట్టి, మూడూ తడిమి, భుజం మీద చరిచి "సరే" అనాలి. ఆ మాట పడందే ఏ పైలటూ అడుగు కదపడు. ఇరవై రెండేళ్లుగా అదే మాట, అదే చరుపు. ఆయన అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు.

"కన్ను బద్ధకిస్తుందిరా, వేలు బద్ధకించదు. పడిందా లేదా వేలికే తెలుస్తుంది," అని కొత్తవాళ్లకు పాఠం చెప్పేవాడు. బకిల్ వంక చూడను కూడా చూడడు. ఎగరబోయేవాళ్ల మొహంలోకి చూస్తూ మాటల్లో పెడతాడు.

ఆ చూడకపోవడమే కొంప ముంచింది.

ఏడాదిగా షుగర్. వేళ్ల కొసలు మొద్దుబారాయి. చొక్కా గుండీలు భార్య పెడుతోంది. "పెళ్లైన కొత్తలో కూడా మీకింత గారం చేయలేదు," అని నవ్వేది. ఓ రోజు పొయ్యి మీద కాగుతున్న గిన్నెను ఉత్త చేతుల్తో తీరిగ్గా దించాడు. బొబ్బలు లేచాక గానీ తెలియలేదు. ఆ రోజుతో ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"కొండ మీద చెప్పండి."

"ఏమని? నేనిక పనికిరానని చాటింపు వేయమంటావా? పనిలో దిగితే వేళ్లకు అన్నీ అవే గుర్తొస్తాయి."

సెలవులు. కొండ మీద చీమలబారులా జనం. ఓ కాలేజీ అమ్మాయి వంతు వచ్చింది. పైలట్ ఆయన బావమరిదే.

"అంకుల్, నేను చస్తే మా అమ్మకు మీరే ఫోన్ చేయాలి."

"చస్తే చేయను. దిగాక నువ్వే చేసుకో తల్లీ."

"అయితే మీ నంబరివ్వండి, బతికున్నానని మీక్కూడా చెప్తా."

నవ్వుతూ నంబరు చెప్పాడు. చేతులు మూడుచోట్లా తిరిగాయి. భుజం మీద చరుపు. "సరే." ఆ చెయ్యి అలా భుజం మీద ఉండగానే వెంట వచ్చిన ఆ పిల్ల అన్నయ్య ఫోటో తీశాడు. బావమరిది ముందుకు వంగి ఏదో సర్దాడు. నాలుగడుగుల పరుగు, కాళ్లు గాల్లోకి లేచాయి.

మధ్యాహ్నం గాలి తిరిగింది. ఎగరడం ఆపి షెడ్డులో కూర్చున్నారు. సరే బాబాయ్ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "బతికే ఉన్నా అంకుల్! థ్యాంక్యూ." కింద ఫోటో. ఆ పిల్లా తనూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. ఆయన మురిసిపోయి, వేలు పనిచేయక కణుపుతో నొక్కి, పెద్దది చేసి చూశాడు.

అమ్మాయి కుడి తొడ పక్కన పట్టీ ఊడి వేలాడుతోంది. భుజం మీద తన చెయ్యి. అంటే సరే అన్నాక తీసిన ఫోటోయే.

"బావా, ఏంటలా అయిపోయావ్?"

ఫోన్ చేతికిచ్చాడు. బావమరిది చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. ఆశ్చర్యపోలేదు.

"నువ్వు పెట్టావా?"

"పెట్టాన్లే. అయిపోయిందిగా."

"ఎన్నోసారి?"

"ఇప్పుడదంతా ఎందుకు బావా..."

"ఎన్నోసారిరా?"

"మూడోసారి. నేనున్నానుగా వెనక! నేను చూసుకుంటా. మూడో కంటికి తెలియనివ్వను."

"నీ ముందు కూర్చున్నవాళ్లకి నువ్వున్నావు. మిగతా ముగ్గురు పైలట్ల ముందు కూర్చున్నవాళ్లకి ఎవడున్నాడు?"

సరే బాబాయ్ లేచాడు. ఆఫీసు గదికి ముప్పై అడుగులు. బావమరిది చెయ్యి పట్టుకుని ఆపబోయినా ఆగలేదు. లోపల మేనేజరమ్మ ముందు ఫోన్ పెట్టి, తన రెండు చేతులూ పక్కన పెట్టాడు. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. కుర్చీ జరిపి, "కూర్చోండి," అంది.

మర్నాటి నుంచి ఆయన్ని కింద ఒడ్డున వేశారు. దిగినవాళ్ల పట్టీలు విప్పడం పని. విప్పడానికి వేళ్లతో పనిలేదు, ఆ బకిళ్లను అరచేత్తో నొక్కితే చాలు. దిగినవాళ్లు ఆనందంతో గావుకేకలేస్తుంటారు, ఆయన వంక ఎవరూ చూడరు. ఆయన మాత్రం ముందు వంగి బకిళ్లు చూస్తాడు. ఒకటి, రెండు, మూడు. మూడూ పడి ఉంటేనే ఊపిరి వదులుతాడు. అప్పుడు నొక్కుతాడు. పైకి మాత్రం తలెత్తడు.

ఆ ఫోటో తీసేయమని బావమరిది రెండుసార్లు చెప్పాడు. తీయలేదు.

ఇంటికి రాగానే భార్య ఎప్పట్లాగే అడిగింది, "వడ్డించనా?"

ఇన్నేళ్లూ "సరే" అనేవాడు.

"ఊఁ," అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం గుమ్మంలో ఆగింది. కంచం తెచ్చి ముందు పెట్టి, పక్కన చెంచా పెట్టింది.