వార్నిష్ తలుపు మీద చార్జిమెమో

ఆఫీసులో మా ఆవిడ పక్కన కూర్చుని ఎవరూ భోజనం చెయ్యరు. వంటలో లోపమేమీ లేదు, ఇరవై రెండేళ్లుగా తింటున్నాను, నాకు తెలుసు. ఆమె పనిచేసేది క్రమశిక్షణ కేసుల విభాగంలో. లంచం మరిగిన అధికారుల మీద వచ్చే ఫిర్యాదులు చదివి, సాక్ష్యాలు పోగేసి, అభియోగాల కాగితం, అంటే చార్జిమెమో, తయారుచెయ్యాలి. ఆమెతో ఎవరైనా నవ్వుతూ మాట్లాడితే ఏదో చేసి కాళ్లబేరానికి వచ్చారని చూసేవాళ్లు అనుకుంటారట. వరండాలో ఆమె ఎదురొస్తే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కొత్త గుమాస్తాలు జేబులు సర్దుకుంటారు.

ఇంట్లోనూ ఇదే తంతు. పంచదార డబ్బా మూత తీసి ఉంటే మొదట విచారణ, తర్వాత నా సంజాయిషీ. చెప్పుకునే అవకాశం మాత్రం తప్పకుండా ఇస్తుంది. చెప్పాక నమ్మదు.

కిందటేడు ఆమె చేతికి అనుమతులిచ్చే శాఖ అధికారి ఒకాయన కేసు వచ్చింది. ఫిర్యాదు చేసింది ఒక వడ్రంగి. కార్ఖానాకు అనుమతి కోసం ఎనిమిది నెలలు తిరిగితే, "మా ఇంటికి వీధి తలుపు కావాలోయ్" అన్నాడట ఆ అధికారి. వడ్రంగి రెండు నెలలు కూర్చుని చెక్కి, బిగించి ఇచ్చాడు. తలుపు అయ్యాక అధికారి కిటికీలన్నాడు. అప్పుడు వడ్రంగికి ఒళ్లు మండి, ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాడు. అలా రాసిచ్చింది ఆ వడ్రంగి ఒక్కడే. ఆ అధికారి చేతిలో నలిగినవాళ్లు ఊరంతా ఉన్నారు, కానీ అడిగితే అందరూ నీళ్లు నమిలారు. వడ్రంగి కార్ఖానాకు తాళం పడే ఉంది. మా ఆవిడకి ఫోను చెయ్యాలంటే భయమేసి, రోజూ మధ్యాహ్నం నా గడియారాల కొట్టుకు చేసేవాడు, "ఏమైనా తెలిసిందాండీ?" అని.

తెలియడానికి ఒక నిబంధన అడ్డం. అధికారి రిటైరయ్యే రోజు సాయంత్రం ఐదులోపు చార్జిమెమో ఆయనకు అందాలి. అందకపోతే కేసు పుట్టనట్టే, ఫిర్యాదు చేసినవాడే అబద్ధాలకోరు.

మెమో నెలరోజుల ముందే వెళ్లింది. కానీ మా ఆవిడ ఆఫీసులో ఉత్తరాలు పంపే గుమాస్తా పాత చిరునామాల పుస్తకం వదలడు. ఆ అధికారి ఎప్పుడో బదిలీ అయిపోయిన ఆఫీసుకు పంపాడు. అది ఊళ్లన్నీ తిరిగి, సరిగ్గా ఆయన రిటైరయ్యే రోజు మధ్యాహ్నం వెనక్కి వచ్చింది. ఆయనేమో జ్వరమని సెలవు పెట్టాడు. మా ఆవిడ ఆఫీసు జీపేమో వాళ్ల పై అధికారి వేసుకెళ్లాడు. మా ఆవిడ నా కొట్టుకు వచ్చి, "ఏవండీ, స్కూటరు తియ్యండి" అంది. నాకు కోపం వచ్చింది. ఎవడో చేసిన తప్పుకు నా కొట్టెందుకు మూసుకోవాలి? అడగలేదులెండి. తీశాను.

అధికారి ఇంటి ముందు స్కూటరు ఆపి, వడ్రంగి చెక్కిన ఆ తలుపు చూస్తూ ఉండిపోయాను. అంత పనితనం. బెల్లు కొడితే కిటికీలోంచి ఆయన భార్య, "ఆయన ఊళ్లో లేరండీ" అంది. లోపల ఎవరో దగ్గారు.

తీసుకునేవాడు లేకపోతే మెమో తలుపుకి అంటించవచ్చు. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు సాక్షి సంతకం పెట్టాలి. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? మూడిళ్లు తట్టాం. "మాకెందుకొచ్చిన గొడవమ్మా" అని మూడిళ్లవాళ్లూ లోపలికి పోయారు. నాలుగూ ఇరవై అయింది.

"పోనీ నేను పెడతానే" అన్నాను.

"మీరు నా మొగుడండీ. మీ సంతకం చెల్లదు."

సాక్షులు లేకపోయినా గమ్ము సీసా తీసింది. వెనక్కి పోదామన్నాను, వినలేదు. తలుపు మీద గమ్ము రాసిందో లేదో, ధడాలున తెరుచుకుంది. తెరిచింది ఆ అధికారే.

"ఏంటమ్మా ఇది? వార్నిష్ పాడైపోదూ?"

"నమస్కారమండీ. జ్వరం తగ్గిందా?" అంది మా ఆవిడ. "మీకో కాగితం వచ్చింది, తీసుకోండి."

"తీసుకోను. తీసుకోలేదని రాసుకో. దానికీ సాక్షులు కావాలిగా? ఈ వీధిలో ఎవడు పెడతాడో నేనూ చూస్తాను." చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కిటికీల్లోంచి అందరూ చూస్తున్నారు. మా ఆవిడ ఆ కిటికీల వైపు బతిమాలుతున్నట్టు చూసింది. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి.

ఎదురింటి మేడ మీదినుంచి ఒక ముసలావిడ మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగి వచ్చింది.

"కలం ఇవ్వమ్మాయ్."

"మామ్మగారూ, మీకెందుకండీ ఇదంతా" అన్నాడు అధికారి, గొంతు తగ్గించి.

"మేడ మీద గది వేసుకోవడానికి మూడేళ్లు నీ చుట్టూ తిరిగాను బాబూ. రేపు రా, రేపు రా అన్నావు. ఇదిగో, వచ్చాను."

ఆవిడ సంతకం చాలా నెమ్మదిగా పెట్టింది. పక్కింటాయన తల వంచుకుని వచ్చి రెండోది పెట్టాడు. నాలుగూ నలభై. మా ఆవిడ మెమో తలుపుకి అంటించింది, ఇక అది అందినట్టే లెక్క. ఇంతలో ఇంకొకాయన గేటు తోసుకుని వచ్చాడు.

"సాక్షులు ఇద్దరు చాలండీ" అంది మా ఆవిడ.

"సాక్షికి కాదమ్మా. నాదీ ఒకటి ఉంది, రాసుకో."

ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. మా ఆవిడ ఆ అధికారి అరుగు మీదే కూర్చుని సంచిలోంచి తెల్లకాగితాలు తీసింది. ఆయన తలుపు వేసుకుని లోపలికి పోయాడు. స్కూటరు పట్టుకుని నిలబడ్డ నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇటువంటి మనిషినా నేను పంచదార డబ్బా గురించి వేళాకోళం చేసేది అనిపించింది.

అక్కణ్ణుంచే వడ్రంగికి నేను ఫోను చేశాను. మెమో అందిందని, వీధిలో వాళ్లు కూడా ఫిర్యాదులు రాసిస్తున్నారని చెప్పాను.

"ఎంతమందండీ?"

"ఇప్పటికి ఆరుగురు. ఇంకా వస్తున్నారు."

"ఆరుగురా?" అని రెండుసార్లు అడిగాడు.

"నేనొక్కణ్ణే అనుకున్నానండీ" అన్నాడు.