అంగడిలో నా మచ్చ

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరికి పొద్దున బస్సులో పోతూ ఆ బొమ్మను మొదటిసారి చూశాను. నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెప్తాను. రోజూ రానూపోనూ బస్సే. ఆ పొద్దున ఫోనులో మా ఆటగాళ్ల గుంపు తెరిచి ఉంది. మేమంతా ఏళ్ల తరబడి ఆడుతున్న కత్తియుద్ధాల ఆటకు నాలుగో భాగం విడుదలైన వారమది. ఆట లోపలే నిజం దుడ్లకు యోధుల వేషాలు అమ్మేందుకు కొత్తగా పెట్టిన అంగడి గురించి గుంపులో కొట్లాట నడుస్తోంది. ఎవరో ఆ అంగడి ఫోటో పెట్టారు. అంగీలు, తలపాగాలు, జుట్టు ముడులు, కత్తి పిడులు, ఒక్కోదాని కింద ధర. చివరి వరుసలో ఒక ముఖం. ఎడమ కనుబొమ సగం తెల్లగా ఉంది. అక్కడి నుంచి చెంప మీదికి ఒక తెల్లమచ్చ జారింది, అడుగున రెండుగా చీలింది. గడ్డం కింద ఇంకొకటి, చిన్నది.

అది నా మచ్చ.

నాకు తొమ్మిదో తరగతిలో బొల్లి మొదలైంది. మా నాయన మిషన్ స్కూల్లో అయ్యవారు. మా అవ్వ ప్రతి ఆదివారం చర్చిలో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి ప్రార్థన చేయించేది. మందులు వాడాము, మానాము. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా కొందరు నిలబడే పోయేవారు. అదంతా ఇప్పుడు నన్ను పెద్దగా బాధించదు. కాలేజీలో కొత్త పిల్లలు మొదటి వారం నా ముఖం చూస్తారు, రెండో వారం నుంచి బోర్డు చూస్తారు. కానీ ఆ పొద్దున బస్సులో నా ముఖాన్ని కొంగుతో కప్పుకోవాలనిపించింది. చేయి కొంగు దాకా పోయింది కూడా.

ఆ ఆకారాన్ని చూడకుండా గీయగలిగేంతగా తెలిసిన మనిషి, మా ఇంట్లోవాళ్లు కాక, లోకంలో ఒక్కతే ఉంది. ఇడుపులపాయలో చదివినన్నాళ్లు హాస్టల్లో నా గదిలోనే ఉన్న పులివెందుల పిల్ల. వాళ్ల నాయన గుడిలో అర్చకుడు. ఆటను నాకు నేర్పింది ఆమే. అప్పటికి రెండో భాగం నడుస్తోంది. ఆమె లాప్‌టాప్ ఒకటే, మేము వంతులేసుకుని ఆడేవాళ్లం. ఆ భాగంలో మన యోధుడి ముఖం మీద కుంచెతో మనకు కావలసినట్లు రంగు వేసుకునే వీలుండేది. ఒక ఆదివారం ఆమె నన్ను కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ, నా యోధురాలికి నా మచ్చలు గీసింది. అంతసేపు నా ముఖాన్ని జాలిపడకుండా చూసిన మొదటి మనిషి ఆమె. గీసిన తరువాత, "ఇప్పుడు నువ్వే కొట్టల్ల, ఓడిపోతే నీ ముఖమే పోతాది," అంది.

చదువు అయినాక ఆమె బెంగుళూరు కంపెనీ ఒకదానిలో చేరింది. పెద్ద ఆటలకు బొమ్మల పని చేసిపెట్టే కంపెనీ అది. పులివెందులలో ఇంటి నుంచే పని. మా ఆట నాలుగో భాగంలో కొన్ని బట్టలు, ముఖాలు తన చేతి మీదుగానే పోతున్నాయని సంబరంగా చెప్పింది. ఏ ముఖాలో చెప్పలేదు.

ఆ వారమంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఆమెకు ఫోన్ చేయాలని తీసి, మళ్లీ లోపల పెట్టేదాన్ని. క్లాసులో చెప్తున్నది మధ్యలో మరిచిపోయేదాన్ని. సాయంత్రాలు పెన్నా వంతెన దాకా నడిచి, ఏటిలో నీళ్లున్నాయో ఇసుకుందో చూడకుండానే తిరిగి వచ్చేదాన్ని. గుంపులో మాత్రం అంగడికి వ్యతిరేకంగా అందరికంటే ఎక్కువ రాశాను. మచ్చ సంగతి తప్ప అన్నీ రాశాను.

గుంపులో తిట్లు ముదిరినాక, ప్రొద్దుటూరులో గేమింగ్ సెంటర్ నడిపే భాయ్ కల్పించుకున్నాడు. మాలో చాలామంది ఆయన దగ్గర ఆడి పెరిగినవాళ్లమే. "ఫోన్లలో తిట్టుకునేది చాలించండప్పా. ఆదివారం మధ్యాహ్నం ఈడికి రాండి. ఎదురెదురుగా కూచోని మాట్లాడుకోండి," అని రాశాడు. అంగడి వద్దనేవాళ్ల తరఫున నన్ను మాట్లాడమన్నారు. శనివారం, గుంపులోనే ఉన్న నా స్నేహితురాలి నుంచి నాకు ఒక్క వాక్యం వచ్చింది. "నేను గూడా వస్తాండా."

గేమింగ్ సెంటర్ ఒక బట్టల అంగడి మీద, మేడ పైన ఉంది. కుర్చీలు చాలక కొందరు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఆమె ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నన్ను చూసి తల ఊపింది. నేనూ ఊపాను.

నేను చెప్పదలచుకున్నది చెప్పాను. పాత భాగాల్లో బట్ట చూస్తే మనిషి చరిత్ర తెలిసేది. పసుపు నడికట్టు కట్టినవాడు ఏ పోటీ గెలిచాడో అందరికీ తెలుసు, వాడు ఎదురైతే మనం ఒక అడుగు వెనక్కి వేసేవాళ్లం. ఇప్పుడు అదే నడికట్టు అంగట్లో ఉంది. ఆటకు పూర్తి ధర పెట్టి కొన్నాం. పెండ్లి భోజనానికి పిలిచి, విస్తరి ముందు కూర్చున్నాక ఉప్పుకు వేరే దుడ్లు అడిగితే ఎట్లుంటుంది? పైగా ఈ వారం కొనకపోతే మళ్లీ దొరకదని బెదిరింపొకటి.

చప్పట్లు పడ్డాయి. తరువాత అంగడి తరఫున మాట్లాడిన ఆయన బంగారు అంగట్లో లెక్కలు రాస్తాడు. నెమ్మదస్తుడు. గొంతు పెంచకుండా అన్నాడు. "మేడమ్, నగ పెట్టుకుంటే ఎవురికీ బలం రాదు. కత్తి దెబ్బ ఎవురికైనా ఒకటే. నేను అంగడి మూసి, ఇల్లు చేరి, పిల్లోళ్లతో తిని లేసేసరికి నాకు మిగిలేది ఒక గంట. మీ పసుపు నడికట్టు గెలవాలంటే నెలలు ఆడల్ల. మీకు సెలవులుండాయి. నాకు ల్యా. నాకేమో దాన్ని కట్టుకోవాలని ఉంది. కొనుక్కుంటే మీకొచ్చే నష్టమేంది?"

ఆయన చెప్పింది నిజం. గెలుపు అని మేము గొప్పగా చెప్పుకునేది సగం తీరికే. ఆ సంగతి నాకు అంతకుముందు తోచలేదు. నేను నీళ్ల సీసా మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాను.

ఆ సందులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు లేచాడు. "ఊరికే మాట్లాడేది ఏందన్నా, చూపిస్తా. అంగడి సరుకు ఎంత బాగా చేసినారో చూడండి," అని పెద్ద తెర మీద తన యోధుణ్ణి తెరిచాడు. నల్లటి అంగీ, భుజాన గొంగడి. ముఖం మీద నా మచ్చ. అడుగున రెండుగా చీలినది.

ఒకరి తరువాత ఒకరు తెర చూశారు, నన్ను చూశారు. కుర్రాడికి అందరికంటే ఆలస్యంగా అర్థమైంది. ముఖం వాడిపోయింది. "బాగుందని కొన్నాక్కా. మీ... నాకు తెలీదు. తప్పా?"

"తప్పు కాదులే," అన్నాను. "ఎందుకు బాగనిపించింది?"

వాడు నేల చూపులు చూస్తూ చెప్పాడు. "యాందో పెద్ద కష్టం పడి, దాంట్లో నుంచి బయటికొచ్చినోడి మాదిరి ఉన్యాడని."

"నేను ఏ కష్టమూ పడలేదప్పా. ఒకనాడు లేచి అద్దం చూసుకుంటే ఉండింది. అంతే."

కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. వాడు వెక్కిరించడానికి కొనలేదు. ఎవరో ఒకరు ఈ ముఖాన్ని చూసి, ఇట్లా ఉండాలని కోరుకుని, దుడ్లు పెట్టారు. అది నా జీవితంలో ఎప్పుడూ జరగని సంగతి. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు తలుపు దగ్గర నుంచి ఆమె అంది. "అది గీసింది నేను."

భాయ్ ఎవరినీ మాట్లాడనివ్వలేదు. "టీ తాగుదాం పాండి," అని అందరినీ లేపాడు. ఆ పూట వాదన అట్లా సగంలోనే ఆగింది.

మేమిద్దరం బస్టాండు దాకా నడిచాము. టీ బంకు పక్కన నిలబడినాక నేనే అడిగాను. "నన్ను ఒక్క మాట అడగల్ల అనిపించలేదా నీకు?"

"అనిపించింది. అడిగితే వద్దంటావని భయమైంది." టీ తాగేసిన కాగితపు గ్లాసు అంచును చిన్నచిన్న ముక్కలుగా చింపుతూ చెప్పింది. "మూడో భాగంలో అందరియీ నున్నని ముఖాలే గదా. కుంచె తీసేసినారు. ఈసారి నేను మచ్చలు గీసి చూపించినా. ఇవి ఊరికే ఇచ్చేదాంట్లో పెట్టండి అన్నా. ఆడ చోటు ల్యా అన్నారు. అంగట్లోకైతే తీసుకుంటాం, లేకుంటే పక్కన పడేయి అన్నారు. నీ మాదిరోళ్లు ఆటలో లేకుండా పోయేదానికంటే అమ్మేది మేలనుకున్నా."

"అయితే నా ముఖం నేను దుడ్లిచ్చి కొనుక్కోవల్ల."

"ఇప్పుడు నువ్వంటాంటే అట్లనే ఉంది. గీసేటప్పుడు అట్ల అనిపించలే."

"మీ వాళ్లకు చెప్పు, తీసి ఊరికే ఇయ్యమని."

"మే, కొండ నాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయితాది. మనం గొడవ చేస్తే మొత్తానికే తీసి పారేస్తారు."

ఆ మాట నిజమయ్యేదే అనిపించింది. పులివెందుల బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని నన్ను చూడకుండా ఫోను చూసింది. నేను జమ్మలమడుగు బస్సెక్కి దారి పొడవునా ఆమెను సమర్థించాను, తిట్టాను, మళ్లీ సమర్థించాను.

తరువాతి వారం గుంపులో మచ్చ సంగతి రాశాను. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు కదా. బంగారు అంగడి ఆయనకు జవాబుగా మొదలుపెట్టాను. తీరిక లేనివాళ్ల గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను, నడికట్టు అమ్ముకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు అన్నాను. సాయంత్రం విప్పి కొయ్యకు తగిలించగలిగినది ఏదైనా అమ్మవచ్చు, విప్పలేనిది అమ్మరాదు అన్నాను. ఆయన వెంటనే అడిగాడు, "మరి జుట్టో మేడమ్?" దాని మీద మళ్లీ వంద మాటలు. జుట్టు కత్తిరించుకోవచ్చు కాబట్టి అమ్మవచ్చని కొందరు, ఉంగరాల జుట్టు పుట్టుకతో వచ్చేది కాబట్టి అమ్మకూడదని కొందరు.

గుంపులోని ఎవరో నా మాటలను ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఆట ఆడే దేశదేశాలవాళ్లు మాట్లాడుకునే చోట పెట్టారు. నాకు చెప్పి చేయలేదు. అక్కడ కాలిన మచ్చలున్నవాళ్లు, పెదవికి కుట్లు పడినవాళ్లు రాశారు. "అంత సున్నితమైతే ఆడవద్దు" అన్నవాళ్లూ ఉన్నారు. నేను క్లాసుకూ క్లాసుకూ మధ్య అవి చదవడం, చదివి కుదురు చెడగొట్టుకోవడం.

కొన్ని నెలలకు ఆట తయారుచేసేవాళ్లు అంగడిని సవరించారు. చర్మం మీది మచ్చలన్నీ ఉచితమయ్యాయి. జుట్టు, బట్టలు అంగట్లోనే ఉన్నాయి. ఇది మేమడిగినందుకో, ఆ సరుకు అమ్ముడుపోనందుకో మాకు తెలియదు. నా స్నేహితురాలిని మాత్రం ఆమె పైవాళ్లు పిలిచి, బయట వాదనలకు పోవద్దని చెప్పి, ముఖాల పని నుంచి కత్తి పిడుల పనికి మార్చారు. ఆమె దాన్ని ఫోనులో నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

సెలవు చూసుకుని, ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయాను. ఆమె గదిలో పెద్ద తెర ముందు నన్ను కూర్చోబెట్టి, ఉచితమైన ఆ మచ్చను నా యోధురాలికి తనే పెట్టింది. ఇద్దరం చూశాము. ఏదో సరిపోలేదు. ఆమె నా వైపు తిరిగి, హాస్టల్లో చూసినట్లే నిదానంగా చూసింది.

"మూతి దాకా వచ్చినాది," అంది.

"మెడ మీదికి గూడా."

"నాకు చెప్పలేదే."

"చెప్పేదానికేముంది? నిదానంగా వచ్చింది."

ఆమె గీసింది హాస్టల్ నాటి ముఖం. నాలుగో భాగంలో కుంచె లేదు. ఇచ్చిన మచ్చల్లో ఒకటి ఎంచుకోవడమే కానీ పెంచుకోవడం కుదరదు. తెర మీది యోధురాలు నాకంటే చిన్నది, నేను దాటి వచ్చిన మనిషి. ఆమె మౌస్ వదిలేసింది.

"ఐదో భాగంలో కుంచె మల్ల పెట్టమని చెప్తా."

"పిడులు గీసేదాని మాట ఎవురు వింటారు?"

ఈసారి ఇద్దరికీ నవ్వొచ్చింది. తరువాత ఆటకు దిగాము. ఆమె యోధురాలు తెర మీదికి రాగానే నాకు కనబడింది, తల మీద అంగట్లో అమ్మే పెద్ద జడముడి.

"కొన్నావా?"

"కొన్నా. నా జీతం ఆడ్నించే గదా వచ్చేది. పైగా బాగుంది."

"నేనేమో ఊరంతా..."

"నువ్వు జుట్టు అమ్మొచ్చనే అన్యావు."

"అనలేదు. ఆ మాట ఇంకా తేలలేదు."

మా మాటల మధ్యే ఆమె నన్ను మొదటి దెబ్బ కొట్టింది. గుడి నుంచి వచ్చిన వాళ్ల నాయన గడపలో నిలబడి, "ఎవురు గెలుస్తాండారమ్మా?" అని అడిగారు. ఇద్దరం ఒకేసారి "నేను" అన్నాము. ఆయన లోపలికి పోయారు. నేను ఓడిపోతున్నాను. కానీ ఆ జడముడి పుట్టుకతో వచ్చేదా, కట్టుకునేదా అన్నది మాత్రం ఆమెతో తేల్చుకోకుండా ఆ పూట అక్కడి నుంచి లేచేది లేదనుకున్నాను.