బొమ్మల సినిమాలో మా అబ్బ పట్టిన తప్పు

కిటికీలకు గోనెసంచులు కట్టి, తలుపు ఓరగా వేసి, పట్టపగలే గదిని చీకటి చేసుకున్నాం... మా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతిలో ఉండగా. ముదిగుబ్బకు అవతల ఉంటుంది మా ఊరు. కొత్తగా వచ్చిన అయ్యవారు ఎక్కడి నుంచో ప్రొజెక్టరు అడిగి తెచ్చి, బడి గోడ మీద బొమ్మల సినిమా వేశారు.

చాలా పాతది. నలుపూ తెలుపూ. మాటల్లేవు, పాటల్లేవు. ఒక నక్క ఒక మేకపిల్లను తరుముతుంది... అంతే కథ. మేం మాత్రం కడుపులు పట్టుకుని నవ్వాం.

మా అబ్బ, అంటే మా నాయనకు నాయన, ఎండ తగ్గేదాకా గొర్రెల్ని బడి వెనక కానుగ చెట్ల నీడన ఆపాడు. నవ్వులు విని తలుపు దగ్గరికి వచ్చి, కంబళి భుజాన వేసుకుని, ద్వారబంధానికి ఆనుకుని నిలబడి చూశాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అప్పటికి నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే మాట... అబ్బకు కండ్లు మసకలొచ్చాయి, జీవాల వెనక తిరగలేడు, అందుకే గొర్రెల్ని అమ్మేస్తున్నాం అని. నాయన ఊళ్లో అందరికీ అదే చెప్పేవాడు. ఆ గొర్రెల్లో పదకొండింటికి నేను పేర్లు పెట్టుకున్నాను. అబ్బ కండ్లు బాగైతే చాలు, అవి ఉండిపోతాయి... నా బుర్రకు తోచింది అంతే. కనపడిన దేవుడికల్లా మొక్కుకున్నాను.

సినిమా అయిపోయింది. అందులో ఏది బాగుంది, ఏది బాగాలేదో చెప్పమన్నారు అయ్యవారు.

"మాటలే లేవు సార్" అన్నాడు ఒకడు.

"నక్క కొండ మీంచి పడి అప్పడం మాదిరి అయిపోయె. మళ్లా లేచి ఉరికె. అట్ల యాడన్నా లేస్తారా సార్?" అంది ఇంకొకతె.

నాకు మేకపిల్ల కండ్లు నచ్చాయి. రెండు చుక్కలే పెట్టారు... ఆ రెండు చుక్కల్లోనే భయం కనపడింది.

అప్పుడు గడప దగ్గర్నుంచి అబ్బ గొంతు...

"నేనొకటి చెప్పొచ్చునా అయ్యవారూ?"

"చెప్పు పెద్దాయనా."

"ఆ నక్క యాడికీ పోలేదప్పా. అదే రాతిగుండు, దాని పక్కన అదే మొండి కంప, మూడు తూర్లు వచ్చె. ఉరికినట్ల చూపిస్తాండారు గానీ, ఉండే తావులోనే ఉండాది."

అయ్యవారు మళ్లీ వేశారు. నిజమే... గుండు మీద సన్నటి బీట కూడా అదే. గది నిండా పిల్లలం చూశాం, ఒక్కరికీ కనపడలేదు. అయ్యవారికీ కనపడలేదు.

"మేకపిల్ల మాత్రం నిజంది" అన్నాడు అబ్బ. "ఎగిరే ముందర ఎనక కాళ్లు ఎట్ల కూడగట్టుకునిందో చూస్తిరా... గీసినోడు ఎవడో గానీ, జీవాలు మేపినోడే."

ఈమధ్య చదివి తెలుసుకున్నాను... ఆ కాలంలో ప్రతి బొమ్మా చేత్తో గీయాల్సిందే. అన్ని కొండలు గీయడానికి చేతులు చాలక, ఒకే కొండ బొమ్మను వెనకాల మళ్లీ మళ్లీ జరిపేవాళ్లట. ఉన్న ఓపికంతా కదిలే కాళ్ల మీద పెట్టేవాళ్లట. అబ్బ ఇదేదీ చదవలేదు.

ఆ రోజు నాకు ఇవేవీ పట్టలేదు. అబ్బకు కండ్లు కనపడతాయి, అందరికంటే బాగా కనపడతాయి... అదొక్కటే. పుస్తకాల సంచి అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

వాకిట్లో నాయనతో పాటు గొర్రెల బేరగాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఊరివాళ్లు నలుగురు.

"నాయనా, అబ్బకు కండ్లు బాగుండాయి. గుండు మీద ఇంత బీట ఉంటే అది గూడా చూసినాడు. గొర్రెల్ని అమ్మొద్దు" అన్నాను, ఆయాసపడుతూ.

నాయన తల దించుకున్నాడు. బేరగాడు నవ్వాడు.

"ఏమన్నా, కండ్లకేమీ లేదంటాది పాప. మేపు లేక అమ్ముతాండామని చెప్పింటే సరిపోయేది గదా."

అంతలో అబ్బ గొర్రెల్ని తోలుకుని వచ్చాడు. అందరి మొహాలూ చూసి సంగతి పట్టేసినట్టున్నాడు. నా తల మీద చెయ్యి వేశాడు.

"బడిలో గోడంత బొమ్మ గదమ్మా... గుడ్డోనికైనా కనపడతాది. అడివిలో కనపడొద్దా?"

తర్వాత బేరగాడి వైపు తిరిగాడు. రెండడుగుల దూరంలో ఉన్న మనిషిని చూసి కండ్లు చిట్లించాడు.

"ఎవరప్పా వచ్చింది?"

నన్ను లోపలికి లాక్కుపోయిన అమ్మ కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "శెనక్కాయ పండక రెండేండ్లాయ. యాడా గడ్డి లేదు. మేపు లేక జీవాలమ్ముకున్నోడని మీ నాయనకు పేరొస్తాదని, మీ అబ్బే ఆ మాట చెప్పమన్నాడు. నువ్వు పోయి నలుగుర్లో..." అని ఆపేసి, పొయ్యి వైపు తిరిగింది.

పొద్దు వాలేలోపల టెంపో వచ్చింది. ఒక్కొక్కదాన్ని ఎక్కిస్తుంటే అవి అరిచాయి. పేరు పెట్టి పిలవబోయి ఆగిపోయాను... పిలిస్తే తిరిగి చూస్తాయని.

ఇప్పుడు మా వీధి పిల్లలు ఫోన్లలో చూసే బొమ్మల్లో ఆకు ఆకూ విడిగా కదులుతుంది, ఏ కొండా రెండోసారి రాదు. గొర్రెలున్న ఇల్లు మాత్రం వీధిలో ఒక్కటీ మిగల్లేదు. ఒక్కొక్కరూ అమ్మేస్తుంటే, ఎందుకని అడిగినవాళ్లూ లేరు.

అబ్బ ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. ఆ ఆరేళ్లూ ఊళ్లో ఎవరు ఎదురుపడినా, ఎంత తెలిసినవాళ్లయినా, కండ్లు చిట్లించి "ఎవరప్పా?" అని అడిగాకే పలకరించాడు. ఇంట్లో మాతో ఒక్కసారి కూడా అట్లా అనలేదు.

మీ ఇండ్లలో కూడా ఇంకొకరి పరువు కోసం ఇట్లాంటి అబద్ధాన్ని మోసిన పెద్దవాళ్లు ఉన్నారా... ఉంటే రాయండి. ఆ అబద్ధాన్ని నలుగురిలో బయటపెట్టింది మీరే అయితే, అది కూడా.